మళ్లీ అదే ఫొటో తీయగలరా?

పోయిన నెల ఇదే శీర్షికలో మాటవరసకి ఒక సంగతి రాశాను. ప్రొడక్ట్ ఫొటోగ్రఫీ నేను ఏ కాలేజీలోనూ చదవలేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే నేర్చుకున్నాను అని. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొత్తగా చదివేవారి కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పదిహేనేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో రంగుల ప్రూఫులు సరిచూసే పని చేశాను. నలభై దాటాక వస్తువుల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. సబ్బులు, సీసాలు, చెప్పులు, గడియారాలు, బ్యాగులు. పదకొండేళ్లుగా ఇదే నా జీవనం. ఈ నెల చోటంతా మీ ప్రశ్నలకే.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఐదేళ్లయింది. ఇంటి నుంచి చేసుకోగల పని కదా అని ఏడాదిగా ప్రొడక్ట్ ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నాను. మూడు కోర్సులు కొన్నాను. సేవ్ చేసుకున్న వీడియోలకి లెక్కే లేదు. రెండు నోటు పుస్తకాలు నిండాయి. కానీ కెమెరా పట్టుకుని బల్ల ముందు నిలబడితే ఏం చేయాలో తోచదు. టెన్షన్‌తో చేతులు వణుకుతాయి. ఇంకేదైనా మంచి కోర్సు చెప్పగలరా?

జవాబు: ఇంకో కోర్సు వద్దమ్మా. మీ దగ్గరున్న మూడింటిలో ఒక్కటి చాలు. మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి ఎనిమిది నెలలు గుర్తొచ్చాయి. వంట చేస్తూ వీడియో, బస్సులో వీడియో, పడుకునే ముందు వీడియో. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. వేరేవాళ్ల చేతులు లైటుని సరైన చోట పెట్టడం చూస్తుంటే ఆ పని మన చేతులకీ వచ్చేసినట్టు అనిపిస్తుంది. అందులో మీ తప్పేమీ లేదు, వీడియో స్వభావమే అంత. తడబాట్లన్నీ కత్తిరించేస్తారు. నాలుగు గంటల కుస్తీ పన్నెండు నిమిషాలు అవుతుంది.

రేపటి నుంచి ఇలా చేయండి. బొమ్మలూ గీతలూ లేని తెల్ల కప్పు ఒకటి తీసుకోండి. తెల్ల డ్రాయింగ్ షీటు పై అంచుని గోడకి అతికించి, మడత పడకుండా వంపుగా బల్ల మీదకి దించి, కప్పుని దాని మీద పెట్టండి. ఒక పక్క నుంచి ఒకే వెలుతురు రావాలి. కిటికీ అయినా సరే, టేబుల్ ల్యాంప్ అయినా సరే. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయండి. తెల్ల కాగితం మీద తెల్ల కప్పు అంచులు ఫొటోలో స్పష్టంగా తెలియాలి. పని ఇంతే. నాకు ఇది పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నదే ఇవాళ్టికీ నన్ను పోషిస్తోంది. ల్యాంపుకీ కప్పుకీ మధ్య ట్రేసింగ్ పేపరు పెడితే వెలుగు వచ్చే జాగా పెద్దదై, నీడ అంచు మెత్తబడుతుంది. అదే కాగితాన్ని తీసుకెళ్లి బల్బుకి ఆనించేస్తే లాభం లేదు. కప్పు వైపు నుంచి చూస్తే ఆ వెలుగు ఇంకా చిన్నదే కదా. ల్యాంపు దూరం రెట్టింపు చేస్తే వెలుతురు సగానికి కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే ల్యాంపు బాగా దగ్గరున్నప్పుడు కప్పు వెలిగిపోయి వెనక గోడ చీకటవుతుంది, దూరం జరిపితే రెండూ ఇంచుమించు సమానమవుతాయి. కప్పుకి అవతలి పక్క తెల్ల అట్ట పెడితే నీడ పలచబడుతుంది. నల్ల అట్ట పెడితే తెల్ల కప్పుకి సన్నటి ముదురు అంచు వస్తుంది. ఈ నల్ల అట్ట సంగతి నేను నాలుగు వీడియోల్లో చూసి, రాసుకుని, నాలుగుసార్లూ మర్చిపోయాను. నా చేత్తో పెట్టి చూశాక ఇక మర్చిపోలేదు.

ఫొటో నచ్చాక అసలు పని మొదలవుతుంది. బల్లని పైనుంచి చూసినట్టు నోటు పుస్తకంలో బొమ్మ గీయండి. కప్పు ఎక్కడ ఉంది, ల్యాంపు ఎన్ని జానల దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, కెమెరా ఎక్కడ, సెట్టింగులు ఏమిటి, అన్నీ రాయండి. తర్వాత అన్నీ తీసేసి బల్ల ఖాళీ చేయండి. మర్నాడు ఆ బొమ్మ ఒక్కటే చూసుకుంటూ మళ్లీ అదే ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే నిన్నటిది ఏదో ఇంట్లోవాళ్లు పోల్చుకోలేకపోవాలి. పని వచ్చిందా రాలేదా అని తేల్చుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. అదృష్టం కలిసొస్తే ఒక మంచి ఫొటో ఎవరికైనా పడుతుంది. కానీ నలభై సీసాలు పంపే కంపెనీకి నలభయ్యో సీసా కూడా మొదటిదానిలాగే కనిపించాలి. ఆరు నెలల తర్వాత వచ్చే నలభై ఒకటోదీ వాటి పక్కన ఇమిడిపోవాలి.

తెల్ల కప్పు అయ్యాక నల్ల వస్తువు పట్టండి. తర్వాత తోలు, బట్ట లాంటి గరుకు వస్తువులు. తర్వాత స్టీలు, అన్నిటికన్నా చివర గాజు. ఈ వరస మార్చకండి. మొదటి వారంలోనే పెర్ఫ్యూమ్ సీసా తీసి, తమకి ఈ విద్య రాదని కెమెరా మూలన పడేసిన వాళ్లని చూశాను. వాళ్లకి చేతకాక కాదు, నేల విడిచి సాము చేశారంతే.

ఆన్‌లైన్ చదువులో నిజంగా ఉన్న లోటు ఒకటుంది. మన భుజం పక్కన నిలబడి "అదిగో, ఆ నీడ చూడు" అనే మనిషి ఉండరు. అందుకే కోర్సు కొనేముందు మన ఫొటోలు చూసి తప్పొప్పులు చెప్పే ఏర్పాటు ఉందా అని ముందు చూస్తాను. లేదంటే మీ స్థాయిలోనే నేర్చుకుంటున్న మరో ఇద్దరిని వెతుక్కుని వారానికొక ఫొటో పంపించుకోండి. "బాగుంది", "సూపర్" అనే మాటలు వాడకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది, తర్వాత ఎక్కడ చిక్కుకుంది, ఈ రెండే చెప్పాలి. మొదటి ఏడాది నాతో నేర్చుకున్న ఒకావిడ ఓ రోజు, "నీ వస్తువులన్నీ గాల్లో తేలుతున్నాయి" అని రాసింది. ఎడిటింగ్‌లో బ్యాక్‌గ్రౌండు శుభ్రం చేస్తూ వస్తువు అడుగున ఉండే సన్నటి నీడని కూడా నేనే చెరిపేస్తున్నాను. పది నెలలుగా అదే తప్పు, నా కంటికి ఒక్కసారి కూడా ఆనలేదు. ఆవిడకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

డబ్బు అడగని గురువులు కూడా ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న పాత చిత్రాలని ఎన్నిటినో మంచి నాణ్యతతో ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడనిస్తాయి, దించుకోనిస్తాయి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు పీటర్ క్లాస్, విలెమ్ హేడా వేసిన బొమ్మలు తెరిచి అందులోని గాజు పాత్రని బాగా పెద్దది చేసి చూడండి. ఆ గాజు మీద కిటికీ ప్రతిబింబం చిన్నగా, చట్రాలతో సహా కనిపిస్తుంది. వెలుతురు ఎటు నుంచి వచ్చింది, ఎంత పెద్దది అన్నది బొమ్మే చెప్పేస్తుంది. ఇలా కదలని వస్తువుల బొమ్మలని పిలిచే స్టిల్ లైఫ్ అనే మాట కూడా డచ్‌వాళ్ల "స్టిల్లెవెన్" నుంచి వచ్చిందే. ఈ అలవాటు పడ్డాక ఏ ప్రకటన చూసినా మీ కన్ను ముందు సీసా మీది మెరుపు దగ్గరికి వెళ్తుంది. మెరుపు నిలువు గీతలా ఉంటే పక్కన పొడవాటి సన్నటి లైటు పెట్టారన్నమాట. దాని అంచు క్రమంగా కరిగిపోతుంటే మధ్యలో పలచటి తెర ఉందన్నమాట. ఇలా పది ప్రకటనలు విప్పి చూస్తే ఒక కోర్సు పూర్తి చేసినట్టే.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ ఆఖరి ఏడాది. నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. వీడియోల్లో అందరి దగ్గరా పెద్ద కెమెరాలు, ఫ్లాషులు ఉన్నాయి. అప్పు చేసి కొనాలా? ముందు ఏది కొనాలి?

జవాబు: అప్పు చేయకు తమ్ముడూ. ముందు కదలకుండా నిలిచే ట్రైపాడ్, ఫోను పట్టే క్లిప్పు కొనుక్కో. ఫోను కదలకపోతే తక్కువ వెలుతురులో కూడా ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత త్వరగా స్పందించాలో చెప్పే సెట్టింగు) తక్కువ పెట్టి ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వొచ్చు. వస్తువు ఎటూ పారిపోదు కదా, మనకున్న వరం అదే. పైగా కెమెరా ఒకచోట ఆగితే నువ్వు వెలుతురుని మాత్రమే మార్చి చూడగలుగుతావు. ఒకేసారి రెండూ మారిస్తే దేని వల్ల ఏం జరిగిందో తేలదు.

ఫోనులో ఎక్కువ మేర చూపించే వైడ్ లెన్స్ వాడకు. దగ్గరికెళ్లి వైడ్‌లో తీస్తే సీసా మెడ, మూత ఉబ్బి అడుగు సన్నబడుతుంది. ఒక అడుగు వెనక్కి వెళ్లి, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే టెలి లెన్స్ ఉంటే దాంతో తియ్యి. వెనక మసకగా కనపడేలా చేసే పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, అది గాజు అంచుల్ని, బ్యాగు పట్టీల్ని కొరికేస్తుంది. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి. అన్నిటికన్నా ముందు లెన్స్ తుడువు.

కెమెరా కొనే రోజు వచ్చినప్పుడు లెన్స్ మార్చుకునే వీలున్న పాత మోడల్ అయినా సరిపోతుంది. దానికి 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసేది) ఒకటి చాలు, ఉంగరం నుంచి బూటు దాకా తీయొచ్చు. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత, ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర పెట్టుకో. ఆ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది. అంతా స్పష్టంగా రావాలని ఎఫ్/22 దాకా వెళ్తే వెలుతురు ఆ చిన్న కంతలో వంగి మొత్తం ఫొటోనే మెత్తబడుతుంది. ముందు నుంచి వెనక దాకా ఇంకా స్పష్టంగా కావాలంటే ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ ఎనిమిదో పదో ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవాలి.

జోసెఫ్ సూడెక్ అని చెక్ దేశపు ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. 1940 నుంచి ఏళ్ల తరబడి ప్రాగ్ నగరంలోని తన స్టూడియో కిటికీనే, ఆ కిటికీ గట్టు మీద పెట్టిన గాజు గ్లాసులాంటి వస్తువులనే తీస్తూ ఉండిపోయాడు. ఆ ఫొటోలు వెతికి చూడు. ఏ ఫ్లాషు ఎప్పుడు కొనాలన్న ఆలోచన కొన్నాళ్లు పక్కకి పోతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. స్టీలు ఫ్లాస్కు ఫొటో తీస్తే అందులో నేను, నా ట్రైపాడ్, గది మొత్తం కనిపిస్తోంది. గాజు సీసా తీస్తే అంచులే తెలియడం లేదు. పోలరైజర్ ఫిల్టర్ కొన్నాను, ఫ్లాస్కు మీద ఏమీ పని చేయలేదు. నాది నకిలీదేమో?

జవాబు: ఫిల్టర్‌లో లోపం లేదండీ. పోలరైజర్ గాజు, నీళ్లు, ప్లాస్టిక్, వార్నిష్ వేసిన చెక్క మీది మెరుపుని కొన్ని కోణాల్లో తగ్గిస్తుంది. పూత లేని లోహం మీద మెరుపుని దాదాపు ఏమీ చేయలేదు. భౌతికశాస్త్రంలో చదువుకున్న ఆ ఒక్క వాక్యమే ఇక్కడ మొత్తం పని చేస్తుంది: వెలుతురు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో తిరిగి వెళ్తుంది. నునుపైన స్టీలుకి సొంత రంగంటూ లేదు. దాని ఎదుట ఏముంటే అదే దాని రంగు. అంటే మీరు తీస్తున్నది ఫ్లాస్కుని కాదు, ఫ్లాస్కు చూస్తున్న గదిని.

కాబట్టి ఫ్లాస్కుకి మంచి దృశ్యం చూపించండి. మీ కన్ను లెన్స్ ఉన్న చోట పెట్టి చూస్తూ, ఎవరినైనా ఫ్లాస్కు చుట్టూ తెల్ల అట్ట నెమ్మదిగా జరపమనండి. అట్ట ఏ చోట ఉన్నప్పుడు స్టీలులో కనిపించిందో ఆ చోట్లన్నీ తెలుపుతో కప్పాలి. గుండ్రటి వస్తువు కాబట్టి రెండు పక్కలా, ముందూ పెద్ద ట్రేసింగ్ పేపరు తెరలు కావాలి, లెన్స్‌కి మధ్యలో సన్నటి సందు వదలాలి. ఇప్పుడు ఫ్లాస్కు అంతా ఒకే తెలుపై ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తెల్ల తెరల మీద అక్కడక్కడ నిలువుగా నల్ల కాగితపు పట్టీలు అతికించండి. ఆ నలుపు స్టీలులో గీతలా పడగానే అది గుండ్రటిదని, లోహమని కంటికి తెలుస్తుంది. పట్టీ వెడల్పు బెత్తెడు మార్చినా ఫొటో స్వభావమే మారిపోతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, గంటలు తెలియవు.

గాజుది దీనికి ఎదురు లెక్క. దానికి ముందు నుంచి లైటు వేస్తే మెరుపు మచ్చలు తప్ప ఏమీ రాదు. వెలుతురు వెనక నుంచి రావాలి. రెండు దారులున్నాయి. మొదటిది, సీసా వెనక వెలిగే తెల్ల తెర పెట్టి, అది సరిగ్గా ఫ్రేమ్ నిండేంతే ఉండేలా చూసి, చుట్టుపక్కలంతా చీకటి చేయడం. గాజు అంచుల దగ్గర వెలుతురు వంగి ఆ పక్కల చీకటిని తెచ్చి చూపిస్తుంది, తెల్లటి నేపథ్యం మీద అంచులు నల్లగా గీసినట్టు వస్తాయి. రెండోది, ఫ్రేమ్ కన్నా పెద్ద తెల్ల తెర పెట్టి, దాని ముందు సరిగ్గా ఫ్రేమ్ నిండేంత నల్ల అట్ట పెట్టడం. ఇప్పుడు నల్లటి నేపథ్యం మీద అంచులు వెండి తీగల్లా మెరుస్తాయి. రెండూ ఒకే సీసాతో ఒకే రోజు తీసి చూడండి. సీసాలో రంగు ద్రవం ఉంటే సీసా కన్నా కొంచెం సన్నగా తెల్ల అట్ట కత్తిరించి, కనపడకుండా వెనక ఏటవాలుగా పెట్టి దాని మీదకి వెలుతురు వేయండి. ద్రవం లోపలి నుంచి వెలిగినట్టు ఉంటుంది. లేబుల్ కాగితం కాబట్టి దానికి పక్క నుంచి విడిగా లైటు కావాలి. ఒక్క క్లిక్కులో అన్నీ రాకపోతే కెమెరా కదపకుండా రెండు ఫొటోలు తీసి కలపడం తప్పేమీ కాదు, ఈ రంగంలో అందరం చేసేదే.

కాటన్ గ్లవ్స్ వేసుకోండి. తుడవడానికి ఐదు నిమిషాలు చాలు. అదే వేలిముద్రలు ఎడిటింగ్‌లో తీయాలంటే రాత్రంతా కూర్చోవాలి.

ప్రశ్న: మా చెల్లి ఆన్‌లైన్‌లో బ్యాగులు అమ్ముతుంది. ఫొటోలు నేనే తీస్తాను. ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు అని సరుకు వెనక్కి పంపుతున్నారు. చాలా బాధగా ఉంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: ప్రెస్సులో నా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది, అందుకే మీ బాధ నాకు బాగా అర్థమవుతుంది. మీరు పంపిన వివరాల్లో ఒక మాట దొరికింది: కిటికీ దగ్గర పెట్టి, చాలకపోతే ట్యూబ్‌లైటు వేస్తున్నానన్నారు. పగటి వెలుతురులో, ట్యూబ్‌లైటులో, ఎల్ఈడీలో తెలుపు ఒకటి కాదు. రెండు రకాల వెలుతురు కలిస్తే బ్యాగుకి ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు వాలుతుంది. తెలుపుని తెలుపుగా చూపించడానికి వాడే వైట్ బ్యాలెన్స్ సెట్టింగు కూడా దాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఒక్కటే వెలుతురు ఉంచండి. బల్బు అయితే డబ్బా మీద సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 లేదా ఆపైన ఉన్నది చూసి కొనండి, లేకపోతే ఎరుపు రంగులు చచ్చిపోతాయి.

మొదటి ఫొటోలో బ్యాగు పక్కన గ్రే కార్డు, అంటే బూడిద రంగు అట్ట, పెట్టి తీయండి. ఎడిటింగ్‌లో ఆ బూడిద రంగు మీద క్లిక్ చేసి వచ్చిన వైట్ బ్యాలెన్స్‌ని ఆ రోజు తీసిన ఫొటోలన్నిటికీ వేయండి. పనిలో స్థిరపడ్డాక 24 రంగుల చార్టు కొనుక్కోండి. ఆన్‌లైన్‌కి పంపే ఫైలుని ఎస్ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్ (ఫైలులో రంగుల్ని అంకెలుగా రాసే పద్ధతి) లోనే సేవ్ చేయండి. వేరే కలర్ స్పేస్‌లో పంపితే కొన్ని యాప్‌లు రంగుల్ని వెలిసిపోయినట్టు చూపిస్తాయి. ఎడిట్ చేసేటప్పుడు ఫోనులో, కంప్యూటర్‌లో కళ్లకి హాయిగా ఉండాలని స్క్రీన్ పసుపు చేసే సెట్టింగు ఉంటుంది, అది ఆపేయండి. బ్యాగుని పక్కనే పెట్టుకుని, చూస్తూ సరిచేయండి. జ్ఞాపకం మీద రంగు సరిచేయకండి. నా అనుభవంలో జ్ఞాపకం ఎప్పుడూ రంగుని ఉన్నదానికన్నా ముదురు చేస్తుంది.

కొన్ని అద్దకాలు పగటి వెలుతురులో ఒకలా, బల్బు కింద మరొకలా కనిపిస్తాయి. ఆ రకం బ్యాగు అయితే రెండు ఫొటోలూ పెట్టి, ఏది ఏ వెలుతురులోదో కింద రాయమని మీ చెల్లికి చెప్పండి.

ప్రశ్న: మేడమ్, ఏడాదిన్నరగా సాధన చేస్తున్నాను. ఫొటోలు బాగున్నాయనే అంటున్నారు. కానీ మొదటి క్లయింట్ ఎలా దొరుకుతాడు? అడిగినవాళ్లు కూడా "ముందు ఉచితంగా చెయ్యి, పేరొస్తుంది" అంటున్నారు. పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి, రేటు ఎలా చెప్పాలి?

జవాబు: పోర్ట్‌ఫోలియోలో పన్నెండు ఫొటోలు చాలు. అవి పన్నెండు వేరువేరు అద్భుతాలు కానక్కర్లేదు. మూడు సెట్లు చేయండి. ఒక సెట్‌లో ఒకే వస్తువు నాలుగు రకాలుగా ఉండాలి: తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద, దాని ఉపరితలం దగ్గరగా, వాడుకలో, చివరగా మీ మనసుకి నచ్చినట్టు. రెండో సెట్‌లో నాలుగు వేరే వస్తువులు, ఒకే వెలుతురు, ఒకే కోణం. పని ఇచ్చేవాళ్లు ఎక్కువసేపు చూసేది ఈ రెండో సెట్టే. మూడోది గాజో లోహమో. ఇంట్లో ఉన్న వస్తువులే తీయండి, కానీ అది మీరు సాధన కోసం తీసినదని స్పష్టంగా రాయండి. ఫలానా కంపెనీ కోసం చేశానన్నట్టు పెట్టకండి.

మొదటి పని ఎక్కువగా కేటలాగు రూపంలో వస్తుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకి ఫొటో నియమాలుంటాయి. ఉదాహరణకి అమెజాన్‌లో మొదటి ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ శుద్ధమైన తెలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255 ఉండాలి, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి. ఈ నియమాలు ముందే చదువుకుని వెళ్లి, "మీ ఫొటోల్లో ఈ మూడు ఇలా ఉన్నాయి, ఒకటి సరిచేసి తెచ్చాను చూడండి" అన్నాను. నా మొదటి క్లయింట్ అలా దొరికారు. గడియారం ఫొటోలో ముళ్లు పది దాటి పది నిమిషాల దగ్గర ఉంచితే పన్నెండు అంకె కింద ఉండే కంపెనీ పేరుకి అడ్డం రావు. ఇలాంటి చిన్న చిన్న పద్ధతులు తెలిసిన మనిషని వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

కేటలాగు పని చేస్తే కళ పోతుందని ఎవరైనా అంటే 1922లో పాల్ అవుటర్‌బ్రిడ్జ్ తీసిన ఫొటో చూపించండి. చదరంగపు బల్లలాంటి గళ్ల మీద ఒక చొక్కా కాలరు, అంతే. అది కాలర్ల కంపెనీ ప్రకటన. ఈ రోజుకీ ఫొటోగ్రఫీ చరిత్ర చెప్పేవాళ్లు దాన్ని తలుచుకుంటారు.

ఇక రేటు. మీ సమయం లెక్కపెట్టండి. వస్తువు తుడవడం, అమర్చడం, తీయడం, ఎడిటింగ్, ఫైళ్లు పంపడం, మార్పులు చేయడం, అన్నీ కలిపి ఒక ఫొటోకి ఎంతసేపు పడుతోందో నెల రోజులు రాసి చూడండి. మీరు అనుకున్నదానికి రెండింతలు తేలుతుంది. దాని మీద మీ రోజువారీ ఖర్చు, పరికరాల అరుగుదల వేసి కనీస రేటు కట్టండి. ఫొటోలు ఎక్కడ, ఎంతకాలం వాడతారన్నది విడిగా రాయండి. సగం అడ్వాన్స్. మార్పులు రెండు దఫాలే. ఇవన్నీ పని మొదలుపెట్టకముందే కాగితం మీదో, మెయిల్‌లోనో ఉండాలి. నేను రెండో ఏడాదిలో ఒక కంపెనీకి వెబ్‌సైట్ కోసమని ఫొటోలు ఇచ్చాను. ఆ తర్వాత అవే ఫొటోలు డబ్బాల మీద, పెద్ద హోర్డింగుల మీద కనిపించాయి. అడిగితే, "ఎక్కడా వద్దని రాయలేదు కదా" అన్నారు. నిజమే, రాయలేదు. ఆ హోర్డింగు కింద నిలబడి ఏడ్చాను. అప్పటి నుంచి వాడుక గురించి రాయకుండా ఒక్క ఫైలు పంపలేదు.

ఉచితంగా చేయాల్సి వస్తే వస్తువు, రోజు, పద్ధతి మీరు ఎంచుకోండి, ఫొటోల సంఖ్య మూడు దాటకూడదు. పని వాళ్లది, లెక్క వాళ్లది, శ్రమ మాత్రం మీదైతే ఒప్పుకోవద్దు.

ప్రశ్న: ఏఐ ఒక్క ఫొటో తీసుకుని వంద బ్యాక్‌గ్రౌండ్లు చేసి ఇస్తోంది. ఇప్పుడు ఈ రంగంలోకి రావడం తెలివైన పనేనా?

జవాబు: బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించి ఇచ్చే పని నాకు బాగా తగ్గింది, దాచను. ఆ ఒక్క పని మీదే బతకాలనుకుంటే రావద్దు. కానీ మీరన్న ఆ "ఒక్క ఫొటో" ఎవరో తీయాలి కదా. కొనేవాడి చేతికి అసలు వస్తువే వెళ్తుంది. కుట్టు ఎలా ఉంది, మూత మీద అక్షరాలు ఎలా ఉన్నాయి, తోలు గరుకు ఎంత, ఇవి ఉన్నవి ఉన్నట్టు రావాలి. ఊహించి వేసిన కుట్టు అబద్ధమవుతుంది, సరుకు వెనక్కి వస్తుంది. పైగా ఏఐ చేసిన బ్యాక్‌గ్రౌండ్‌లో కిటికీ ఎడమవైపు ఉంటే సీసా మీది మెరుపు కుడివైపు ఉండటం తరచూ చూస్తున్నాను. అది పట్టుకోవడానికి వెలుతురు చదవగలిగిన కన్ను కావాలి. నేను ఏఐని షూటింగ్‌కి ముందు అమరిక ఎలా ఉంటుందో క్లయింట్‌కి చూపించడానికి వాడుతున్నాను. వస్తువుని మాత్రం ముట్టుకోనివ్వను.

ప్రశ్న: మేడమ్, పగలు ఆఫీసు. రాత్రి పదింటి తర్వాత ఒక గంటే దొరుకుతుంది. కిటికీ వెలుతురు ఉండదు, సామాను పెట్టి తీయడానికే అరగంట పోతుంది. ఇంత కొద్ది సమయంలో కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. నేను మొదటి రెండేళ్లూ రాత్రిపూటే తీశాను. రాత్రి వెలుతురుకి ఒక మేలుంది, మబ్బు రాదు, పొద్దు వాలదు, మీరు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఒక టేబుల్ ల్యాంపు, ఒక ట్రేసింగ్ పేపరు, రెండు అట్టలు, ఒక వస్తువు. వారమంతా అదే వస్తువు. ఆదివారం దాకా వీడియో తెరవకండి. గంటలో ముప్పావు గంట బల్ల దగ్గర, పావుగంట నోటు పుస్తకం దగ్గర. అరగంట మిగలడానికి ఒక చిన్న పని ఉంది. పడుకునే ముందు ట్రైపాడ్ మూడు కాళ్ల చోటా, ల్యాంపు అడుగునా నేల మీద రంగు టేపు ముక్కలు అతికించండి. సామాను తీసేసినా టేపు ఉంటుంది. రేపు రాత్రి అక్కడే పెట్టి నేరుగా మొదలుపెట్టొచ్చు.